కరెంటు పోయిన సాయంత్రం: ఇంటిల్లిపాదీ ఒకే దీపం చుట్టూ

కరెంటు పోగానే ఇంట్లో ఏం జరుగుతుందో ఈసారి గమనించండి. "అయ్యో, పోయింది" అని అందరూ ఒక్కసారే అంటారు. తర్వాత ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ఫోను వెలుగుతుంది. ఆ వెలుగు పట్టుకుని ఎవరి మూలకు వాళ్ళు వెళ్ళిపోతారు. చార్జింగ్ అయిపోయేదాకా అక్కడే ఉంటారు. అది కాస్తా అయిపోయాక విసుగు, చిరాకు, "ఎప్పుడొస్తుందో ఏమో" అనే టెన్షన్ మొదలవుతాయి.

ఇలాంటి సమయంలో ఏ ఆట ఆడాలా అని చాలామంది ఆలోచిస్తారు. ఆటలకు ఎప్పుడూ కొదవ లేదు. మనుషులు ఒకచోట చేరడమే కష్టం. ఇల్లంతటికీ ఒకే దీపం పెట్టి దాని చుట్టూ అందరికీ చోటు చేస్తే, మిగతాది సగం దానంతట అదే జరిగిపోతుంది. మా ఇంట్లో ఇది చాలాసార్లు చూశాను. ఈ మార్గదర్శిలో చెప్పేవన్నీ ఆ ఒక్క పని చుట్టూ తిరిగేవే.

1. ముందు పది నిమిషాల పని

మనసు కుదుటపడి కూర్చోవాలంటే ముందు కొన్ని పనులు తెమిలిపోవాలి. ఇవి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని చేయండి. చేతికి పని దొరికితే వాళ్ళకు భయం తగ్గుతుంది.

కిటికీలోంచి బయటికి చూడండి. వీధి మొత్తం చీకటైతే సరఫరా ఆగినట్టే. మీ ఇల్లు ఒక్కటే చీకటైతే ఇంట్లోని ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడిపోయి ఉండొచ్చు. చేతులు పొడిగా ఉంటే ఒకసారి పైకి లేపి చూడండి. మళ్ళీ పడిపోతే ఇక దాని జోలికి వెళ్ళకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇస్త్రీపెట్టె, హీటరు, ఎలక్ట్రిక్ పొయ్యి లాంటి వేడెక్కే వస్తువులన్నిటి స్విచ్‌లు ఆపేయండి. కరెంటు పోయిందని ఇస్త్రీపెట్టెను బట్టల మీదే వదిలేసి మరిచిపోతే, కరెంటు వచ్చాక అది కాలడం మొదలుపెడుతుంది. టీవీ, కంప్యూటర్ ప్లగ్గులు తీసేయండి, కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజీ ఎగసిపడే అవకాశం ఉంటుంది. ఒక్క బల్బు స్విచ్ మాత్రం వేసి ఉంచితే, కరెంటు వచ్చిన సంగతి అదే చెబుతుంది.

ఫ్రిజ్ తలుపు తీయకండి. మూసి ఉంచితే లోపలి చల్లదనం దాదాపు 4 గంటలు నిలుస్తుంది. నిండా ఉన్న ఫ్రీజర్ 48 గంటల దాకా, సగం నిండింది 24 గంటల దాకా తట్టుకుంటుంది. "ఏముందో చూద్దాం" అని పిల్లలు పదేపదే తెరిస్తే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే తలుపు మీద ఒక కాగితం అంటించి, "కాపలా" పనిని ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళకు అప్పగించండి. ఆ కాపలా ఎంత గట్టిగా ఉంటుందో మీరే చూస్తారు.

ఇక ఫోన్లు. ఇంట్లో ఉన్న ఫోన్లలో చార్జింగ్ ఎక్కువ ఉన్న ఒకదాన్ని అత్యవసరానికి పక్కన పెట్టండి. మిగతావి ఏరోప్లేన్ మోడ్‌లో వేసి ఒక బుట్టలో పెట్టమని అడగండి. ఇక్కడ పెద్దవాళ్ళ ఫోను ముందు బుట్టలో పడాలి. పదిహేనేళ్ళ పిల్ల చేతిలోంచి ఫోను లాక్కుని, మనం మాత్రం వార్తలు చూస్తూ కూర్చుంటే ఆ సాయంత్రం అక్కడితో పాడైనట్టే. పవర్ బ్యాంక్ ఉంది కదా అన్న ధీమా కూడా అంత మంచిది కాదు. దాని మీద 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే కొలత) అని రాసి ఉన్నా, వోల్టేజీ మార్పులోనూ వేడిగానూ కొంత పోతుంది కాబట్టి, 5,000 ఎంఏహెచ్ ఫోనును అది సుమారు ఒకటిన్నర సార్లే నింపుతుంది.

ఇంట్లో కరెంటుతో నడిచే వైద్య పరికరం వాడేవాళ్ళు ఉంటే, ఆటలూ కబుర్లూ అన్నీ తర్వాత. దాని బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, అది అయిపోతే ఎక్కడికి వెళ్ళాలో ముందే తేల్చుకుని ఉండాలి.

2. దీపం ఎక్కడ, ఎలా

గదికో దీపం పెట్టకండి. నడిచే దారికి, బాత్రూముకు చిన్న టార్చి ఒకటి చాలు. అసలు దీపం ఒక్కటే, అదీ అందరూ కూర్చోగలిగే గది మధ్యలో, నేల మీద లేదా పొట్టి బల్ల మీద. కుర్చీలు తీసేసి దుప్పటి పరిచి నేల మీద కూర్చుంటే ఇంకా బాగుంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కుర్చీ వేయండి, కానీ దాన్ని వలయంలోనే వేయండి. వెనక్కి వేస్తే వాళ్ళు ప్రేక్షకులైపోతారు.

ఎమర్జెన్సీ లైటు ఉంటే మంచిదే. లేకపోతే టార్చిని నిలువుగా పెట్టి, దాని మీద నీళ్ళు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా ఉంచండి. సూటిగా పైకి పోయే వెలుగు సీసాలో చెదిరి నలువైపులా పరుచుకుంటుంది. నీళ్ళలో నాలుగు చుక్కల పాలు కలిపితే వెలుగు ఇంకా మెత్తబడుతుంది. పాలలోని సన్నటి కొవ్వు, ప్రొటీన్ కణాలు వెలుతురును అన్ని దిక్కులకూ వెదజల్లుతాయి. ఈ దీపాన్ని పిల్లల చేతే తయారు చేయించండి. సీసాలో పాలు పొగలా దిగుతుంటే వాళ్ళ మొహాలు చూడాలి.

కొవ్వొత్తి వెలుగు నాకు చాలా ఇష్టం. అయినా చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో బ్యాటరీ దీపమే వాడమంటాను. కొవ్వొత్తే పెట్టాల్సి వస్తే బరువైన పళ్ళెంలో నిలబెట్టండి. కర్టెన్లు, కాగితాలు, జుట్టు, దుప్పటి అంచులు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మనుషులు లేని గదిలో అది ఒక్క నిమిషం కూడా వెలగకూడదు. కరెంటు లేదని బొగ్గుల కుంపటి లోపల వెలిగించడం, జనరేటర్‌ను వరండాలోనో కిటికీ పక్కనో నడపడం ప్రాణాల మీదికి తెస్తాయి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, తలుపులకూ కిటికీలకూ కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి.

3. కళ్ళకు కాస్త టైమివ్వండి

ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. దీపం పెట్టిన వెంటనే "చాలట్లేదు, ఇంకోటి తే" అంటారు. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చాక మన కళ్ళు మొదటి పది నిమిషాల్లో కొంత సర్దుకుంటాయి. మసక వెలుతురులో చూసే కణాలు పూర్తిగా మేల్కోవడానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఒకరు ఫోను స్క్రీన్ వెలిగిస్తే ఆ అరగంట మళ్ళీ మొదటికొస్తుంది.

ఆ కాస్త సమయాన్నే మొదటి ఆటగా మార్చండి. అందరూ కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి. వినిపించిన చప్పుళ్ళన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు అన్నీ ఆగిపోయిన ఇంట్లో ఎప్పుడూ వినని శబ్దాలు బయటికొస్తాయి. కుళాయి చుక్క, గోడ గడియారం, పక్క మనిషి ఊపిరి, ఎక్కడో ఒక కుక్క. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో శబ్దం చెప్పాలి, ఇంకెవరికీ వినపడనిది చెప్పినవాళ్ళు గెలిచినట్టు. సాధారణంగా పిల్లలే గెలుస్తారు, వయసు పెరిగేకొద్దీ సన్నటి కీచు శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది మరి.

4. భయపడే పిల్లలుంటే

"భయమెందుకు, ఏమీ లేదు" అంటే భయం పోదు. వాళ్ళకంటూ ఒక చిన్న టార్చి ఇవ్వండి. వెలుగు తన చేతిలో ఉందన్న నమ్మకమే సగం మందు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి గదులన్నీ ఒక చుట్టు తిరిగి రండి. కుర్చీ మీది చొక్కా మనిషిలా ఎందుకు కనిపించిందో, టార్చిని పక్కకు జరిపితే ఆ నీడ ఎలా మారుతుందో చూపించండి. మసక వెలుతురులో కళ్ళు రంగుల్ని పోల్చుకోలేవు, అందుకే ఎర్ర బొమ్మ కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. ఈ సంగతి వింటే భయపడే పిల్ల కాస్తా పరిశోధకురాలైపోతుంది. ఇంట్లోని ఏ బొమ్మ ఏ రంగులో కనిపిస్తోందో చూడటానికి తనే ముందు నడుస్తుంది.

5. దీపం చుట్టూ ఆడేవి

నాలుగైదు ఆటలు తెలిస్తే చాలు. అన్నీ ఒకే రాత్రి ఆడించాలని చూడకండి. ఒకటి బాగా సాగుతుంటే దాన్నే సాగనివ్వండి.

అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచేది మాటల గొలుసు. ఒకరు "పడవ" అంటే, పక్కవాళ్ళు "వ"తో "వంతెన" అనాలి, ఆ తర్వాతివాళ్ళు "నక్క", ఆపైన "కలప", "పలక". తేలిగ్గా కనిపిస్తుంది కానీ తెలుగులో దీనికి కొన్ని నియమాలు ముందే ఒప్పుకోకపోతే పావుగంటలో గొడవవుతుంది. చివరి అక్షరం గుణింతం ఏదైనా పట్టించుకోవద్దు. "గొడుగు" అంటే "గ" గుణింతంలో దేనితోనైనా మొదలుపెట్టొచ్చు. "గడియారం" అంటే సున్నాను వదిలేసి "ర" తీసుకోవాలి. "ణ", "ళ"లతో మొదలయ్యే మాటలు మనకు దాదాపు లేవు కనుక వాటి బదులు "న", "ల" వాడుకోవాలి. ఒత్తక్షరం వస్తే అందులో ఏ అక్షరమైనా తీసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, బహువచనాలు ఒప్పుకోవద్దు. "చెట్లు", "పువ్వులు", "బళ్ళు" అని పోతే ఆట మొత్తం "ల" దగ్గరే తిరుగుతుంది.

ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు "డు"తో ముగిసే మాటలు దాచుకుంటారు. అలాంటి మాటలు కుప్పలుగా ఉన్నాయి, "డ"తో మొదలయ్యేవి మాత్రం కొన్నే. డబ్బు, డప్పు, డేగ, డొంక అయిపోయాక "దేవుడు" అని ఎవరైనా అంటే పక్కవాళ్ళ అవస్థ చెప్పనలవి కాదు. వయసుల తేడా సర్దడానికి పెద్దవాళ్ళు మూడక్షరాలకు తగ్గని మాటలే చెప్పాలని పెట్టండి. పిల్లలకు రెండక్షరాలైనా చాలు.

నీడల ఆటకు దీపాన్ని ఒక పక్కకు జరపాలి. గోడకు రెండు మీటర్ల దూరంలో టార్చి పెట్టి, దానికి అర మీటరు ముందు చేయి పెడితే గోడ మీద నీడ నాలుగు రెట్లు పెద్దదవుతుంది. చేతిని గోడకూ టార్చికీ సరిగ్గా మధ్యకు తెస్తే రెండు రెట్లే. దీన్ని సూత్రంలా చెప్పకండి. "ఏనుగును చీమ చేయాలంటే ఎటు జరగాలి?" అని అడిగి వదిలేయండి, వాళ్ళే కనుక్కుంటారు. నీడ అంచులు పదునుగా రావాలంటే వెలుగు ఒకే చుక్క నుంచి రావాలి. అందుకే ఫోను టార్చి బాగా పనిచేస్తుంది, సీసా దీపం పనికిరాదు. రెండు టార్చీలు దూరదూరంగా పెడితే ఒక పక్షికి రెండు నీడలొస్తాయి. కాగితం కత్తిరించి పుల్లకు అంటించిన బొమ్మలైతే చిన్న చేతులకు తేలిక.

కథ అల్లడం అందరికీ తెలిసిందే, ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం చెబుతూ పోవడం. అయితే అది మూడో చుట్టుకే చప్పబడిపోతుంది, ఎందుకంటే అందరూ "తర్వాత... తర్వాత..." అంటూ పోతారు. మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ప్రతి వాక్యమూ "కానీ"తోనో "అందుకని"తోనో మొదలవ్వాలి. "ఒక ముసలాయన తాళంచెవి పారేసుకున్నాడు." "కానీ ఆయన ఇంటికి తలుపే లేదు." "అందుకని ఆ తాళంచెవి ఎవరిదో కనుక్కోవడానికి బయల్దేరాడు." ఇప్పుడు కథకు ఒక దారి పడింది. ఆరేళ్ళ పిల్లలు కూడా దీన్ని వెంటనే పట్టుకుంటారు.

ఇంకా చిన్నపిల్లలుంటే గుడ్డసంచిలో చెంచా, దువ్వెన, తాళంచెవి, ఉల్లిపాయ, బొత్తం లాంటివి వేసి తడిమి చెప్పమనండి. పళ్ళెంలో పన్నెండు వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి గుడ్డ కప్పేసి, ఎన్ని గుర్తున్నాయో అడగడమూ బాగుంటుంది.

6. ఆటలు ఆగిపోయాక

ఏదో ఒక సమయంలో ఆట దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు కంగారుపడి ఇంకో ఆట మొదలుపెట్టకండి. ఆ నిశ్శబ్దం కోసమే ఇంతసేపూ కూర్చున్నాం. మసక వెలుతురులో ఒకరి మొహం ఒకరికి స్పష్టంగా కనిపించదు, అందరి చూపూ దీపం మీదే ఉంటుంది. పగలు ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని మాటలు అప్పుడు బయటికొస్తాయి. ఎదుగుతున్న పిల్లల విషయంలో ఇది మరీ నిజం.

పెద్దవాళ్ళను "మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అని అడిగితే "ఏముంటాయి, మామూలే" అంటారు. ప్రశ్న చిన్నదిగా, ఒక్కచోటే గుచ్చేలా ఉండాలి. "మీరు మొదటిసారి ఒంటరిగా ప్రయాణం చేసినప్పుడు చేతిలో ఏముంది?" "చిన్నప్పుడు పడుకునే చోటు నుంచి ఏం కనిపించేది?" "మీ తోబుట్టువుల్లో మీరు ఎక్కువగా ఎవరితో పోట్లాడేవారు, దేనికి?" "మీ అమ్మగారు ఎవర్నైనా పిలిచేటప్పుడు గొంతు ఎలా ఉండేది?"

మా నాన్న ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషి. ఒక రాత్రి మా అబ్బాయి, "తాతయ్యా, నువ్వు చీకట్లో దేనికి భయపడేవాడివి?" అని అడిగాడు. పెరట్లో దండెం మీద మరిచిపోయిన దుప్పటి గాలికి కదిలితే తాను గదిలో ఎలా బిగుసుకుపోయేవాడో, వాళ్ళన్నయ్య బయటికి వెళ్ళి ఆ దుప్పటిని మడత పెట్టి తెచ్చి తన మీదే ఎలా కప్పాడో ఆయన చెప్పారు. పెదనాన్న పోయి చాలా ఏళ్ళయింది. అన్నేళ్ళలో ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

ఇలాంటివి దాచుకోవాలనిపిస్తే వాళ్ళను అడిగి ఫోనులో గొంతు రికార్డు చేయండి. స్క్రీన్ ఆపేసి ఉంచితే రికార్డింగ్‌కు చార్జింగ్ పెద్దగా ఖర్చు కాదు. ఫోనును వాళ్ళ ఎదురుగా కాకుండా పక్కన దిండు మీద పెట్టండి, కాసేపటికి అది ఉందన్న సంగతే మరిచిపోతారు.

7. ఆకాశం తేటగా ఉంటే బయటికి

ఊరంతా చీకటైతే దానికి మించిన అవకాశం లేదు. 1994 జనవరి 17న తెల్లవారుజామున లాస్ ఏంజెలెస్‌లో భూకంపం వచ్చి నగరమంతా కరెంటు పోయింది. బయటికొచ్చిన జనం ఆకాశం వింతగా ఉందంటూ అక్కడి ఖగోళ పరిశీలనశాల గ్రిఫిత్ అబ్జర్వేటరీకి ఫోన్లు చేశారు. వాళ్ళు చూసినవి నక్షత్రాలే. నగరపు దీపాలు ఎప్పుడూ కప్పేసి ఉంచేవే.

తెగిన తీగలు, తడి నేల, వాహనాలు లేని చోటు చూసుకుని, డాబా అయితే పిట్టగోడ ఉందో లేదో చూసుకుని దుప్పటి పరవండి. కళ్ళు అప్పటికే చీకటికి అలవాటుపడి ఉంటాయి. దారికి వెలుగు కావాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. మసక వెలుతురులో చూసే కణాలను ఎరుపు వెలుగు అంతగా చెదరగొట్టదు. బాగా మసగ్గా ఉన్న చుక్కను సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఒకటుంది. ఇంట్లో ఒక్కొక్కరికీ వాళ్ళ వయసుకు దగ్గర్లో ఉన్న నక్షత్రాన్ని ఇవ్వడం. సిరియస్ వెలుగు మనల్ని చేరడానికి 8.6 ఏళ్ళు పడుతుంది. అంటే తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్ల ఇప్పుడు చూస్తున్న ఆ వెలుగు, తను పుట్టిన రోజుల్లో బయల్దేరింది. శ్రవణం సుమారు 17 ఏళ్ళది, కాలేజీలో చేరిన అన్నయ్యది. అభిజిత్ 25, స్వాతి సుమారు 37, అమ్మకో నాన్నకో. బ్రహ్మహృదయం 43. రోహిణి సుమారు 65, మఖ 79, అవి అమ్మమ్మ, తాతయ్యల చుక్కలు.

వెతకడం కష్టం కాదు. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఒకే వరుసలో దగ్గరదగ్గరగా మూడు చుక్కలు కనిపిస్తాయి. ఆ గీతను ఒకవైపు పొడిగిస్తే రాత్రి కనిపించే నక్షత్రాల్లోకెల్లా ప్రకాశవంతమైన సిరియస్, రెండోవైపు పొడిగిస్తే ఎర్రటి రోహిణి దగ్గరికి చేరతాం. మే, జూన్ నెలల్లో సప్తర్షి మండలం తోక వంపును అలాగే సాగదీస్తే మొదట తగిలే పెద్ద చుక్క స్వాతి. ఆగస్టు, సెప్టెంబరులో తల పైకెత్తితే అభిజిత్, శ్రవణం. ఆ నెలలో ఎవరి చుక్క కనిపించకపోతే అది ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

8. కరెంటు వచ్చాక

"వచ్చింది!" అని అరిచి అందరూ ఒక్కసారిగా లేచిపోతారు. కథ సగంలో ఉంటుంది, తాతయ్య మాట మధ్యలో ఉంటుంది. అందుకే ముందే ఒక ఒప్పందం చేసుకోండి. కరెంటు వచ్చినా పది నిమిషాలు లైట్లు వేయకూడదు. ఆ ఒక్క బల్బునూ ఆపేసి, మొదలుపెట్టిన మాట పూర్తి చేయాలి. మొదటిసారి పిల్లలు సణుగుతారు. రెండోసారి వాళ్ళే బల్బు ఆపడానికి పరుగెత్తుతారు.

తర్వాత కొవ్వొత్తులు ఆర్పి, ఫ్రిజ్, టీవీ లాంటివి ఒక్కొక్కటిగా, మధ్యలో కాస్త ఆగుతూ వేయండి. కరెంటు 4 గంటలకు మించి పోయి ఉంటే ఫ్రిజ్‌లోని పాలు, మాంసం, వండిన పదార్థాలు పారేయడమే మేలు. వాసన బాగానే ఉంది కదా అని రుచి చూడకండి, జబ్బు చేసే క్రిములు ఉన్నా వాసనలో తెలియకపోవచ్చు. ఫ్రీజర్‌లో ఇంకా మంచు పలుకులు కనిపిస్తున్నవి మళ్ళీ గడ్డ కట్టించుకోవచ్చు.

టార్చీలు, పవర్ బ్యాంక్ ఆ రాత్రే చార్జింగ్‌కు పెట్టండి, రేపంటే మరిచిపోతాం. టార్చి, బ్యాటరీలు, అగ్గిపెట్టె, ఎర్ర కాగితం, నీడల బొమ్మలు అన్నీ ఒకే డబ్బాలో, చీకట్లో తడుముకుంటూ వెళ్ళినా దొరికే చోట పెట్టండి. కథ ఇంకా మిగిలి ఉంటే, ముసలాయన తాళంచెవితో ఎక్కడిదాకా వెళ్ళాడో ఒక చీటీ మీద రాసి ఆ డబ్బాలోనే వేయండి.